అమ్మిన వాటాలో ఎవరి కిస్తీలు?



ఇక్కడ చాలామందికి లెక్కలు నేర్పిన మాస్టారు ఉద్యోగమంతా సహకార సంఘాల ఆడిటులోనే చేశారు. సంఘం కార్యదర్శి పుస్తకాలు తెచ్చి ముందు పెడితే అందరూ లాభనష్టాల పట్టీ తెరుస్తారు. ఆయన మాత్రం ఆ ఏడు వాటాధనం వెనక్కి తీసుకున్న సభ్యుల జాబితా అడిగేవారు. ఎవరు వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు, ఎంత పట్టుకెళ్ళారు అన్నది తెలిస్తే సంఘం సంగతి సగం తెలిసినట్టేనని ఆయన నమ్మకం. నిజానికి సహకార సంఘంలో అది చాలా సాదా వ్యవహారం. వంద రూపాయల వాటా పెట్టినవాడు వెళ్ళేటప్పుడు వందే తీసుకుంటాడు. సంఘానికి గిడ్డంగులు రావచ్చు, మిల్లు రావచ్చు, వాటా మాత్రం వంద దగ్గరే ఉంటుంది. అందుకని వెళ్ళేవాడికీ ఉండేవాడికీ పెద్ద తగువు రాదు. బయటివాడు వచ్చి డబ్బు పెట్టడం కూడా ఉండదు. ఆ రెండో మాట మా సహకారవాదులు కాస్త మెల్లగా చెబుతారు.

ఇవాళ నేను తీసుకున్న విషయం తగువు వచ్చే చోటుకు సంబంధించింది. పేదలకు పనికొచ్చే వ్యాపారంలో పెట్టుబడి పెట్టి, మేలూ లాభమూ రెండూ తెస్తామని చెప్పే డబ్బు ఒకటుంది. 2007లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇటలీలోని బెలాజియోలో జరిపిన సమావేశంలో దానికి ‘ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్’ అన్న పేరు స్థిరపడింది. ఆ డబ్బు కంపెనీలోకి వచ్చిన రోజు పత్రికల్లో ఫొటోలు వస్తాయి, పల్లెటూరి మహిళ నవ్వుతూ కనిపిస్తుంది. అది బయటికి వెళ్ళే రోజున ఆ మహిళ ఊసు ఎవరూ ఎత్తరు. ఎగ్జిట్ అనే ఆ రోజు గురించే నేను మాట్లాడతాను. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన హైదరాబాదు కంపెనీయే ఒకటుంది.

ముందుగా ఈ డబ్బుకున్న గడువు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ ఉన్న కథలా వినిపిస్తుంది. ఇది వచ్చేది వెంచర్ నిధుల నుంచి, ఆ నిధిలో డబ్బు నిర్వాహకులది కాదు. పింఛను నిధులు, అభివృద్ధి బ్యాంకులు, ధర్మ ఫౌండేషన్లు, సంపన్న కుటుంబాలు కలిసి వేస్తాయి. నిర్వాహకులు మొదటి నాలుగైదేళ్ళలో దాన్ని రకరకాల కంపెనీల్లో పెడతారు. తర్వాతి అయిదారేళ్ళలో ఆ వాటాలన్నీ అమ్మేసి, వచ్చింది పంచేసి, నిధిని మూసేయాలి. మామూలుగా పదేళ్ళ ఒప్పందం, బతిమాలుకుంటే మరో ఏడాదో రెండేళ్ళో. నిధికి నాలుగో ఏడు నడుస్తుండగా మీ కంపెనీలోకి డబ్బు వచ్చిందంటే మీకు మిగిలింది ఆరేళ్ళే. మీ కంపెనీ ఏ ఊళ్ళకు పనిచేస్తోంది, అక్కడ పని కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది అన్నదానితో ఈ గడువుకు ఏ సంబంధమూ లేదు. దీని మీద ఇంకో ఒత్తిడి ఉంటుంది. రెండో నిధికి డబ్బు అడగాలంటే మొదటి నిధి నుంచి చేతికొచ్చిన సొమ్ము చూపించాలి. కాగితం మీద విలువ పెరిగిందన్న మాట ఎవరైనా కొన్నాళ్ళే వింటారు.

వాటా అమ్మే దారులు మరీ ఎక్కువేమీ లేవు. షేరు మార్కెట్టులో పబ్లిక్ ఇష్యూకు వెళ్ళడం, పెద్ద కంపెనీకో బ్యాంకుకో అమ్మడం, గడువు ఇంకా మిగిలి ఉన్న మరో నిధికి అంటగట్టడం, లేదా స్థాపకులో కంపెనీయో తిరిగి కొనుక్కోవడం. చివరిది వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మన కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ తన షేర్లు తాను తిరిగి కొనాలంటే చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా నిల్వలు కలిపిన మొత్తంలో పాతిక శాతం దాటకూడదు. మారుమూల జిల్లాలో మంచినీళ్ళ ప్లాంట్లు నడిపే కంపెనీకి నిల్వలెక్కడివి? విదేశీ పెట్టుబడిదారుకు ‘ఇంత శాతం ఖాయంగా తిరిగిస్తాం’ అని రాసివ్వడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకోదు. వెళ్ళే రోజున వాటా విలువ ఎంత ఉంటే అంతే. అందుకని పెట్టుబడి ఒప్పందాల్లో ఒక పేరా తప్పకుండా ఉంటుంది. ఫలానా ఏడాదిలోగా ఎగ్జిట్ దొరక్కపోతే పెట్టుబడిదారు మొత్తం కంపెనీనే అమ్మకానికి పెట్టవచ్చు, స్థాపకుడి వాటాను కూడా లాక్కుపోవచ్చు. దాన్ని డ్రాగ్ ఎలాంగ్ హక్కు అంటారు. డబ్బు చేతికందబోయే రోజున ఆ పేజీని అందరూ తొందరగానే తిప్పేస్తారు. నా ఉద్దేశంలో కంపెనీ ఎవరి కోసం నడవబోతోందో తేలిపోయేది ఆ పేజీలోనే.

ఇక నేను చెప్పిన హైదరాబాదు కంపెనీ, ఎస్.కె.ఎస్. కథ. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర్లో విక్రమ్ ఆకుల మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ అది. పూర్తి పేరు స్వయం కృషి సంగం. బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు పద్ధతిలో అయిదుగురు ఆడవాళ్ళ గ్రూపులు, వారం వారం సెంటరు మీటింగు, ఒకరి అప్పుకు మిగతావాళ్ళ పూచీ. విరాళాలతో నడిచింది. విరాళాలతో ఎన్ని ఊళ్ళకు వెళ్ళగలరు? 2005లో అది బ్యాంకింగేతర ఫైనాన్స్ కంపెనీగా మారింది. ఆ తర్వాతి ఏడు యూనిటస్ నిధి, అమెరికా పెట్టుబడిదారు వినోద్ ఖోస్లా, అభివృద్ధి బ్యాంకు సిడ్బీ వాటాలు తీసుకున్నారు. 2007లో సిలికాన్ వ్యాలీలో పేరున్న సెకోయా వచ్చింది, 2008లో శాండ్‌స్టోన్ అనే మరో పెట్టుబడి సంస్థ వచ్చింది. 2010 మార్చి నాటికి కంపెనీకి దాదాపు 68 లక్షల మంది సభ్యులు, రెండు వేలకు పైగా శాఖలు. ఈ అంకెను చులకనగా చూడకూడదు. అప్పటిదాకా బ్యాంకు గడప తొక్కని లక్షల మంది ఆడవాళ్ళకు తనఖా లేకుండా పదివేలు అప్పు దొరికిందంటే దాని వెనక ఈ వాటాధనమే ఉంది. కంపెనీలో ఒక రూపాయి వాటాధనం ఉంటే దాన్ని చూసి బ్యాంకులు ఇంకొన్ని రూపాయలు అప్పిస్తాయి. విరాళాన్ని చూసి ఏ బ్యాంకూ అలా ఇవ్వదు.

2010 జూలై 28న పబ్లిక్ ఇష్యూ తెరిచారు. ధర 850 నుంచి 985 రూపాయల మధ్య. దరఖాస్తులు పదమూడు రెట్లకు పైగా వచ్చాయి, పై ధర 985కే షేర్లు ఇచ్చారు. మొత్తం 1,650 కోట్ల రూపాయల ఇష్యూ. అప్పట్లో పత్రికలన్నీ ఈ మొత్తాన్నే పెద్ద అక్షరాల్లో వేశాయి. లోపల ఇంకో అంకె ఉంది. అమ్మకానికి పెట్టిన దాదాపు 1.68 కోట్ల షేర్లలో కంపెనీ కొత్తగా జారీ చేసినవి 74 లక్షల పైచిలుకు. మిగిలిన 93 లక్షలూ పాత వాటాదార్లు తమ చేతిలోంచి అమ్మినవి. అంటే జనం పెట్టిన ప్రతి వంద రూపాయల్లో యాభై అయిదు కంపెనీ ఖాతాలోకి రానేలేదు. ఇందులో చట్టానికి విరుద్ధం ఏమీ లేదు, ప్రాస్పెక్టస్‌లో అచ్చంగా రాసే ఉంది. ఆ ఏడు మొదట్లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి కాటమరాన్ సంస్థ షేరుకు 300 రూపాయల చొప్పున కొన్నది. ఆరు నెలలు గడిచేసరికి అదే షేరు 985.

ఈ దారిలో ఎస్.కె.ఎస్. కంటే ముందు నడిచింది మెక్సికోలోని కంపార్తమోస్. 2007 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు షేర్లలో 30 శాతం మార్కెట్టుకు వచ్చాయి. ఒక్క షేరు కూడా కొత్తది కాదు. అన్నీ పాతవాళ్ళవే. నలభై అయిదు కోట్ల డాలర్లకు పైగా వచ్చిన సొమ్ములో బ్యాంకు మూలధనానికి చేరింది సున్నా. అమ్మినవాళ్ళలో అమెరికాకు చెందిన యాక్సియన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒకటి. అది అంతకు ముందు పెట్టింది పది లక్షల డాలర్లు. తన వాటాలో సగం అమ్మితే చేతికి దాదాపు 13.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మిగతా సగం అప్పటికి దాని దగ్గరే ఉండిపోయింది. రిచర్డ్ రోసెన్‌బర్గ్ అనే మైక్రోఫైనాన్స్ నిపుణుడు రెండు నెలల్లోనే ఈ వ్యవహారం మీద ఒక పత్రం రాశారు. అమ్మిన ధర పుస్తక విలువకు దాదాపు పదమూడు రెట్లని అందులో లెక్క కట్టారు. ఆ బ్యాంకు అప్పులపై ఏడాది వడ్డీ పన్నుతో కలిపి నూటికి నూరు దాకా ఉండేదని కూడా రాశారు. నా మటుకు నేను ఆ పత్రాన్ని మెచ్చుకోవడానికి ఒక కారణం ఉంది. ఆయన పబ్లిక్ ఇష్యూను తిట్టలేదు. ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూశారు.

పుస్తక విలువ అంటే కంపెనీ దగ్గర ఇవాళ ఉన్నది. పదమూడు రెట్లు ఇచ్చి కొన్నవాడు మిగతా పన్నెండు రెట్లు దేనికి ఇచ్చినట్టు? రేపు ఇవ్వబోయే అప్పులకు, వాటి మీద రాబోయే వడ్డీకి. అద్దెకున్నవాళ్ళతో సహా ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు గోడల కంటే అద్దెను చూసి ధర కడతాడు. ధర ఎక్కువ కట్టినవాడు అద్దె పెంచకుండా ఉండలేడు. బేరం జరుగుతున్నంతసేపూ అద్దెకున్నవాళ్ళను ఎవరూ పిలవరు. మైక్రోఫైనాన్స్‌లో ఇది ఇంకాస్త ముదురు. ఎగ్జిట్ ధర అంటే కొనేవాడికి అమ్మేవాడు ఇచ్చిన మాట. ఆ మాట నిలబెట్టాల్సింది సెంటరు మీటింగులో చాప మీద కూర్చున్న మనిషి. అమ్మేవాడు మాట ఇచ్చేసి విమానం ఎక్కుతాడు.

ఎస్.కె.ఎస్. విషయంలో ఆ మాట ఏమిటంటే ఎదుగుదల. ఏటా అప్పుల మొత్తం రెట్టింపుకు దగ్గరగా పెరగాలి. కొత్త జిల్లాలకు వెళ్ళాలంటే ఖర్చు, సమయం. తయారుగా గ్రూపులున్న ఊరికి వెళ్ళడం తేలిక. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రూపులకు కొదవేమిటి? డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి, కలిసి కూర్చోవడం, కలిసి పొదుపు చేయడం ఆడవాళ్ళకు అప్పటికే అలవాటు. ప్రభుత్వం వాళ్ళకు పావలా వడ్డీ అప్పులిస్తోంది. అదే ఆడవాళ్ళను అదే వీధిలో మళ్ళీ అయిదుగురేసి కూర్చోబెట్టి ఈ కంపెనీలు తమ గ్రూపులు కట్టాయి. సోమవారం ఒక కంపెనీ మీటింగు, బుధవారం ఇంకోటి, శుక్రవారం మూడోది. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి దగ్గర అప్పు. దేశం మొత్తం మైక్రోఫైనాన్స్ అప్పుల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క రాష్ట్రంలోనే పోగుపడ్డాయి. ఎస్.కె.ఎస్. తర్వాత తామూ మార్కెట్టుకు వెళ్ళాలనుకుంటున్న హైదరాబాదు కంపెనీలు ఇంకా ఉన్నాయి. వాటి లోన్ ఆఫీసర్లకూ టార్గెట్లున్నాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో ఇలాంటి గొడవ వచ్చి అధికారులు యాభై దాకా శాఖలు మూయించారు. ఆ హెచ్చరిక తర్వాత వచ్చినవే ఈ పెద్ద పెట్టుబడులన్నీ. అంటే పెట్టుబడిదార్లకు ప్రమాదం తెలియక కాదు. గడువు లోపల అది మళ్ళీ రాదనుకున్నారు.

మొత్తం పాపం పెట్టుబడిదారుదేనని నేననను. డ్వాక్రా సంఘాలను నడిపే ప్రభుత్వ యంత్రాంగం ఈ కంపెనీలను తనకు పోటీగానే చూసింది. రాజకీయ పక్షాలకు అప్పు కట్టొద్దని చెప్పడం తేలిక. బ్యాంకులు ప్రాధాన్య రంగం లెక్క పూర్తి కావడానికి ఈ కంపెనీలకు అడిగినంత అప్పిచ్చాయి. కానీ ఎదుగుదల ఎందుకంత తొందరగా కావలసివచ్చిందని అడిగితే మాత్రం జవాబు గడువు దగ్గరికే వస్తుంది.

2010 ఆగస్టు 16న ఎస్.కె.ఎస్. షేరు మార్కెట్టుకెక్కింది. సెప్టెంబరులో 1,400 దాటింది. ఆ నెలలోనే న్యూయార్కులో క్లింటన్ గ్లోబల్ ఇనిషియేటివ్ వేదిక మీద గ్రామీణ్ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనస్, విక్రమ్ ఆకుల ఎదురెదురుగా కూర్చుని ఇదే విషయం మీద వాదించుకున్నారు. పేదవాడి అప్పు మీద మార్కెట్టు లాభం తీయడం కూడదని యూనస్, మార్కెట్టు డబ్బు లేకుండా అందరికీ అప్పు అందదని ఆకుల. ఇద్దరి వాదనలోనూ బలముంది. ఇద్దరూ వదిలేసిన సంగతి కూడా ఒకటుంది. మార్కెట్టు డబ్బు ఏ ధరకు వచ్చిందన్నది. అక్టోబరు మొదట్లో కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారిని తొలగించారు. ఊళ్ళలో అప్పుల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు. వాటిలో ఎన్నిటికి ఏ అప్పు కారణమో ఈనాటికీ తెగని తగువే. అక్టోబరు 15న ముఖ్యమంత్రి రోశయ్య గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం కిస్తీలు కూడదు, నెలకోసారి మాత్రమే. వసూలు ఇంటి ముందు కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలో. జిల్లాలో రిజిస్ట్రేషను లేకుండా అప్పివ్వకూడదు. మార్కెట్టుకెక్కిన రోజుకూ ఆర్డినెన్సుకూ మధ్య రెండు నెలలు. వసూళ్ళు నూటికి పది దగ్గరికి పడిపోయాయి. 2011-12లో ఎస్.కె.ఎస్. నష్టం 1,360 కోట్లు. షేరు వంద రూపాయల లోపుకు జారింది. ఆకుల 2011 నవంబరులో కంపెనీ వదిలారు.

ఇప్పుడు మాస్టారి జాబితా రాద్దాం. ఎవరు ముందు వెళ్ళారు? పబ్లిక్ ఇష్యూలో అమ్మినవాళ్ళు, అంతకు ముందే ప్రైవేటుగా కొంత అమ్ముకున్నవాళ్ళు. సెకోయా లాంటివాళ్ళు కూడా అంతా అమ్మలేదు, మిగిలిన వాటా వాళ్ళ చేతుల్లోనే కరిగింది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. 985కి కొన్న చిన్న మదుపరి నష్టపోయాడు. నెమ్మదిగా నడవాలని మొదటి నుంచీ చెబుతూ వచ్చిన బేసిక్స్ లాంటి సంస్థ కూడా ఈ వరదలో కొట్టుకుపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. విజయ్ మహాజన్ 1996లో హైదరాబాదులో పెట్టిన సంస్థ అది. అప్పుతో పాటు వ్యవసాయ సలహా, బీమా కూడా ఇచ్చేది. దాని పెట్టుబడిదార్లు తొందరపడలేదు. తొందరపడనందుకు వాళ్ళకేమీ దక్కలేదు. పక్క కంపెనీ ఎగ్జిట్ తొందర తన మీద ఎలా పడుతుందో ఏ ఒప్పందంలోనూ రాసుకోలేం కదా.

జాబితాలో ఆఖరున ఉన్నది అప్పు తీసుకున్నవాళ్ళు. కట్టడం మానేసినందుకు చాలామందికి మేలే జరిగిందని అప్పట్లో కొందరు సంబరపడ్డారు. కానీ క్రెడిట్ బ్యూరోలో ఎగవేతదార్లుగా పేరెక్కాక రెండో అప్పుకు వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. ఇది ఇక్కడితో ఆగలేదు. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ బయటి జిల్లాలను పరిశీలించారు. ఇక్కడ దెబ్బతిన్న కంపెనీలు తమ పద్దులు సర్దుకోవడానికి అక్కడ అప్పులు తగ్గించాయి. అలాంటి జిల్లాల్లో రోజుకూలీ రేట్లు పడిపోయాయని, ఇళ్ళలో ఖర్చు తగ్గిందని తేల్చారు. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటేస్తే ఎస్.కె.ఎస్.కు అన్యాయం చేసినట్టవుతుంది. అప్పు తీసుకున్నవాళ్ళకే వాటా ఇవ్వాలన్న ఆలోచన ఆ సంస్థకు మొదట్లోనే వచ్చింది. విరాళంగా వచ్చిన డబ్బును సభ్యుల పేరిట మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టుల్లో పెట్టి, ఆ ట్రస్టుల చేత కంపెనీ వాటా కొనిపించారు. అవి అయిదు ట్రస్టులు.  కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది? పబ్లిక్ ఇష్యూలో అమ్మినవాళ్ళ జాబితాలో సెకోయా, యూనిటస్, కిస్మెట్ సంస్థల పక్కన ఈ మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టు పేరు కూడా ఉంది. అంటే పేరుకు సభ్యులు కూడా ఎగ్జిట్ తీసుకున్నారు. కానీ ట్రస్టులో వాటా ఎప్పుడు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, వచ్చిన సొమ్ము దేనికి వాడాలి అన్నది ట్రస్టీ నిర్ణయం. నారాయణఖేడ్‌లో కిస్తీ కట్టే సభ్యురాలికి తనకు ఒక కంపెనీలో వాటా ఉందని తెలిసే దారి కూడా లేకపోయింది. విరాళపు సొమ్ము ఇలా వాటాలుగా మారి ఎవరి చేతికి చేరుతోందని 2010లోనే ప్రొఫెసర్ ఎం.ఎస్. శ్రీరామ్ గట్టిగా ప్రశ్నించారు. నా ఫిర్యాదు అంతకంటే చిన్నది. లాభంలో పాలు పెట్టారు, నిర్ణయంలో పెట్టలేదు. వాటాదారుగా ఆమె షేరు ధర పెరగాలని కోరుకోవాలి, అప్పుదారుగా వడ్డీ తగ్గాలని కోరుకోవాలి. రెండింట్లో తనకు ఏది ముఖ్యమో ఆమెను అడిగి ఉంటే ఏం చెప్పేదో మనం ఊహించగలం.

సంక్షోభం తర్వాత రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ వేసింది, వడ్డీకి పరిమితి పెట్టింది, 2011 చివర్లో ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గం సృష్టించింది. పెట్టుబడి మళ్ళీ వచ్చింది. ఈసారి ఎగ్జిట్‌లు కాస్త భిన్నంగా జరిగాయి. 2015లో చిన్న ఫైనాన్స్ బ్యాంకుల లైసెన్సులు ఇచ్చేటప్పుడు రిజర్వు బ్యాంకు వాటాల్లో అధిక భాగం దేశీయుల చేతుల్లో ఉండాలన్నది. చెన్నై ఈక్విటాస్, బెంగళూరు ఉజ్జీవన్ సంస్థల్లో విదేశీ నిధుల వాటా ఎక్కువ. లైసెన్సు కోసం 2016లో రెండూ పబ్లిక్ ఇష్యూకు వెళ్ళాయి, ఈక్విటాస్ 110 రూపాయలకు, ఉజ్జీవన్ 210కి. నిధుల గడువు కాకుండా నియమం తోసిన ఎగ్జిట్ ఇది. ఆ కంపెనీలు డిపాజిట్లు తీసుకునే బ్యాంకులయ్యాయి కాబట్టి వాటి నిధుల ఖర్చు తగ్గే అవకాశం వచ్చింది. ధరలో ఉన్న మాటను అప్పుదారు ఒక్కరే మొయ్యక్కర్లేకుండా పోయింది. ఇంకొన్నిటిని బ్యాంకులు కొన్నాయి. గ్రామ విడియల్‌ను ఐ.డి.ఎఫ్.సి. బ్యాంకు, బి.ఎస్.ఎస్.ను కోటక్. ఎస్.కె.ఎస్. 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుంది. 2019 జూలైలో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసింది. వెయ్యి షేర్లకు బ్యాంకువి 639 షేర్లు. అలా నారాయణఖేడ్ గ్రూపుల సంస్థకు కంపెనీగా ఆయువు తీరింది.

మైక్రోఫైనాన్స్ దాటితే పరిస్థితి తలకిందులు. అక్కడ ఎగ్జిట్ తొందర సమస్య కాదు, ఎగ్జిట్ లేకపోవడం సమస్య. 2010-15 మధ్య ఇండియాలో జరిగిన 48 ఇంపాక్ట్ ఎగ్జిట్‌లను మెకిన్సీ పరిశీలిస్తే వాటి మధ్యస్థ రాబడి ఏడాదికి పదిశాతం దగ్గర తేలింది. పై మూడో వంతులో మాత్రం 34 శాతం. మొత్తం రంగానికి ప్రచారం చేసేవాళ్ళు ఆ రెండో అంకెనే చెబుతారు. పదిశాతం తక్కువేమీ కాదని మనకనిపిస్తుంది. డాలరు పెట్టినవాడు డాలర్లలో చూసుకుంటాడు. డాలరు 40 రూపాయలున్నప్పుడు వంద రూపాయలు పెడితే అది రెండున్నర డాలర్లు. అయిదేళ్ళు పదిశాతం చొప్పున పెరిగి 161 రూపాయలయింది. ఆ లోపు డాలరు 60కి చేరితే చేతికొచ్చేది 2.68 డాలర్లు. అయిదేళ్ళకు పద్దెనిమిది సెంట్లు. 2008 నుంచి 2013 దాకా రూపాయికి జరిగింది ఇంచుమించు ఇదే. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఇంకా వేగంగా ఎదగమని కంపెనీని తరుముతారు.

మన నగరంలోనే ఇంకో రకం ఉదాహరణ ఉంది. లైఫ్‌స్ప్రింగ్ ప్రసూతి ఆసుపత్రులు. ప్రభుత్వరంగ హిందుస్తాన్ లేటెక్స్, అమెరికాకు చెందిన అక్యుమెన్ సమభాగస్వాములుగా తక్కువ ఖర్చుతో కాన్పులు చేయడానికి పెట్టినవి. అక్యుమెన్ తన డబ్బును ఓపికగల మూలధనం అంటుంది. అందులో చాలా భాగం విరాళాల సొమ్ము కాబట్టి ఆ మాటకు అర్థముంది. అయినా ఇలాంటి ఆసుపత్రిలో వాటా ఎప్పటికైనా అమ్మాలంటే కొనగల తాహతు ఎవరికుంటుంది? పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల గొలుసుకు. అది మంచి ధర ఇచ్చిందంటే ఆ ధర కాన్పు ఫీజులోంచే రాబట్టాలి. తక్కువ ఫీజు అలాగే ఉండాలంటే తక్కువ ధరకు అమ్మాలి. మూడో దారి నాకు కనిపించలేదు.

ఈ చిక్కు పెట్టుబడిదార్లకు తెలియనిది కాదు. 2018లో ఇంపాక్ట్ పెట్టుబడిదార్ల ప్రపంచ సంఘం బాధ్యతగల ఎగ్జిట్‌ల మీద ఒక నివేదిక తెచ్చింది. 2019లో ఐ.ఎఫ్.సి. చొరవతో తొమ్మిది నిర్వహణ సూత్రాలు రాసుకున్నారు, వాటిలో ఏడోది ఎగ్జిట్ గురించే. వెళ్ళిన తర్వాత కూడా మేలు నిలుస్తుందా అని ఆలోచించి అమ్మాలన్నది దాని సారం. ఆలోచించమన్నారు, అంతే. నిధి నిర్వాహకుడికి తన నిధిలో డబ్బు వేసినవాళ్ళ పట్ల చట్టబద్ధమైన బాధ్యత ఉంది. ఎక్కువ ధర ఇచ్చేవాడు ఎదురుగా ఉండగా మంచివాడని చెప్పి తక్కువ ఇచ్చేవాడికి అమ్మితే రేపు ఆయనే కోర్టులో నిలబడాలి. కాబట్టి ఆ స్వేచ్ఛను నిధి పుట్టిన రోజునే, దాని సొంత పత్రాల్లో రాసుకోవాలి. అలా రాసుకున్న నిధికే ఇంపాక్ట్ అన్న పేరు ఇవ్వాలన్నది నా పట్టుదల. అభివృద్ధి బ్యాంకులు ఒక్క మాట మీద నిలబడితే ఇది కష్టం కాదు. చాలా నిధుల్లో పెద్ద చెయ్యి వాళ్ళదే.

వాటా అమ్మక్కర్లేని పద్ధతులు కూడా ఉన్నాయి. కంపెనీ అమ్మకాల్లోంచి ఏటా ఇంత శాతం ఇస్తూ, పెట్టినదానికి రెండింతలో మూడింతలో చేరాక సంబంధం తెంచుకోవడం ఒకటి. గడువే లేని నిధులు ఇంకోటి. మరో కొసన మన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఉంది. అక్కడ జారీ చేసే జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాల మీద వడ్డీ ఉండదు, అసలు కూడా తిరిగి రాదు. దాన్ని పెట్టుబడి అనే కంటే రశీదు ఉన్న విరాళం అనొచ్చు. నాకు దాని మీద చిన్నచూపు లేదు. కానీ 68 లక్షల మందికి అప్పివ్వడానికి అది చాలదు. విరాళం దగ్గర నిలబడి మార్కెట్టును తిట్టడం తేలిక. కంపార్తమోస్ లాభాన్ని యాక్సియన్ తన ఇతర సంస్థల మీదే ఖర్చు పెట్టింది కాబట్టి, మెక్సికో ఆడవాళ్ళు కట్టిన వడ్డీ మరెక్కడో పేదలకు పనికొచ్చిందనే వాదన ఉంది. ఆ వాదనను నేను కొట్టిపారేయలేను. మెక్సికో ఆడవాళ్ళను ఆ చందా ఎవరూ అడగలేదన్నదే నా అభ్యంతరం.

ఇదంతా పాత కథ కాదు కాబట్టే ఇవాళ ఎత్తుకున్నాను. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ వడ్డీ మీద పరిమితి తీసేసింది. బదులుగా ఇంటి నెలసరి ఆదాయంలో సగం కంటే ఎక్కువ కిస్తీలకు పోకూడదన్నది. బ్యాంకింగేతర ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని, 2010 నాటి ఆర్డినెన్సుకు కొనసాగింపుగా వచ్చిన చట్టం రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. పుష్కరం తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. వచ్చే కంపెనీల వెనక నిధులున్నాయి, వాటికి గడువులున్నాయి.

ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ కూర్చుంటుంది. అక్కడ ఈ కంపెనీలను వడ్డీ రేటు అడుగుతారు, వసూలు పద్ధతి అడుగుతారు. ఇంకో రెండు సంగతులు కూడా రాతపూర్వకంగా అడగాలని ఈ వేదిక మీద నుంచి ప్రతిపాదిస్తున్నాను. మీలో పెద్ద వాటా ఉన్న నిధి ఏ సంవత్సరంలో మూసేయాలి? అప్పటికి ఈ జిల్లాలో మీ అప్పులు ఇప్పటికి ఎన్ని రెట్లు కావాలని వాళ్ళకు చెప్పి డబ్బు తెచ్చారు? మొదటిది ఏ కంపెనీ అయినా నిమిషంలో చెప్పగలదు. రెండోది వాళ్ళ బిజినెస్ ప్లాన్‌లో జిల్లాల వారీగా రాసే ఉంటుంది.